పద్నాలుగు మేడల వేసవి

మా నాన్న ముప్పై ఏళ్ళుగా బస్సు నడుపుతున్నాడు. ఆ ముప్పై ఏళ్ళలో తాను ఒక్క మనిషిని కూడా దారి అడగలేదని ఆయన చెప్పుకోని చోటు లేదు. అలాంటి మనిషికి కూతురినై నేను పుట్టాను. స్నేహితురాలి ఇంట్లో చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళి, తిరిగొస్తూ పక్కింటి హాల్లో కూర్చుని, వాళ్ళు మంచినీళ్ళిస్తే తాగి మరీ లేచిన ఘనత నాది. నాన్న నన్ను ‘దిక్సూచి’ అని పిలిచేవాడు. ఇంటికొచ్చినవాళ్ళు అదేదో ముద్దుపేరనుకునేవాళ్ళు.

నా జబ్బేమిటో నాకు తెలుసు. నేను కదిలేవాటిని గుర్తు పెట్టుకునేదాన్ని. ఎర్ర స్కూటర్ దగ్గర కుడికి, పడుకున్న కుక్క దగ్గర ఎడమకి. తిరిగొచ్చేసరికి స్కూటర్ వెళ్ళిపోయేది, కుక్క లేచిపోయేది, నేను మాత్రం బిక్కమొహం వేసుకుని అక్కడే నిలబడేదాన్ని.

పన్నెండేళ్ళప్పుడు నాన్న పనిచేసే బస్టాండులోనే తప్పిపోయాను. మైకులో మూడుసార్లు చెప్పారు. నాన్న ఖాళీ బస్సేసుకుని ఊరంతా తిరిగాడు. నేను దొరికాక ఇల్లు చేరేదాకా నా చెయ్యి వదల్లేదు. అందుకే, నగరంలోని కాలేజీలో నాకు సివిల్ ఇంజనీరింగు సీటొస్తే ఆయన వద్దన్నప్పుడు, అది మొండితనం కాదు భయం అని నాకు తెలుసు. తెలిసినా ఒళ్ళు మండింది. మా ఊళ్ళో ఉన్నది ఒకటే కాలేజీ. అందులో ఉన్న చదువులేవీ నాకు అక్కర్లేదు.

నన్ను గట్టెక్కించడానికి మేనత్త పూనుకుంది. అత్త ఆ నగరంలోనే లిఫ్టు మెకానిక్. ఫోన్లో నాన్నతో అంటుంటే నేను పక్కనే ఉన్నాను.

“అన్నయ్యా, వేసవి రెండు నెలలూ పిల్లని నా దగ్గర ఉంచు. కాలేజీలో చేరే గడువు ముందురోజు నువ్వే వచ్చి పరీక్ష పెట్టుకో. నెగ్గితే కాలేజీ కాగితం మీద సంతకం పెట్టు. ఓడిపోతే నీ కూతుర్ని నువ్వు తీసుకుపో.”

నాన్న క్షణం ఆలోచించలేదు. “నాకు నచ్చిన చోట దింపుతా. ఫోను ఉండదు. ఎవర్నీ అడక్కూడదు. చీకటి పడేలోపు ఇంటికి రావాలి.”

“ఈ రోజుల్లో ఫోను లేకుండా ఎవరు తిరుగుతారు నాన్నా?”

“ఛార్జింగ్ అయిపోతే?”

సరేనన్నాను.

నగరంలో మొదటి రోజే అత్త నన్ను వీధి చివర కొట్టుకి రొట్టె తెమ్మని పంపింది. గంటన్నర తర్వాత తిరిగొచ్చాను. రొట్టె నలిగి సగమైంది. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఏ ఊరి రొట్టె కోడలుపిల్లా ఇది?” అంది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చేశాను కూడా. అత్త ఓదార్చలేదు. “రేపట్నించి నాతో పనికి రా” అంది.

అత్త చేతిలో పద్నాలుగు మేడలు, వాటిల్లో ఇరవై ఒక్క లిఫ్టులు. ప్రతిదాన్నీ నెలకోసారి చూడాలి. నా పని సంచి మోయడం, కింది అంతస్తులో తలుపు ముందు ‘మరమ్మతు జరుగుతోంది’ అన్న బోర్డు పెట్టడం, అయినా లోపలికి దూరబోయే పెద్దమనుషులతో పోట్లాడటం. మూడో పనికి నేను పుట్టుకతోనే తగినదాన్ని. బోర్డు పెట్టాక మెట్లెక్కి పైకి వెళ్ళాలి. లిఫ్టు నడిపే మోటారు మేడ నెత్తిన, డాబా మీద చిన్న గదిలో ఉంటుంది. గ్రీజు వాసన, వేడి, కొక్కేనికి వేలాడే అత్త చొక్కా, గోడమీద ఎవరో ఎప్పుడో రాసిన ఫోన్ నంబర్లు. ఆ గదిలోంచి బయటికి అడుగేస్తే ఊరంతా కాళ్ళ కింద ఉండేది.

రెండో వారంలో అనుకుంటాను, ఒక గుడ్డల కంపెనీ మేడ మీద అత్త మోటారు ఆపి నన్నడిగింది.

“ఇప్పుడు లిఫ్టు ఎన్నో అంతస్తులో ఉందో చెప్పు.”

“నాకేం తెలుసు? గోడలే కదా కనపడేది.”

“నాకూ గోడలే కనపడతాయి. తాళ్ళు చూడు.”

లావాటి ఇనపతాళ్ళ మీద అక్కడక్కడ పసుపు రంగు గీతలున్నాయి. ఏ గీత చట్రానికి సరిగ్గా ఎదురుగా వస్తే లిఫ్టు ఆ అంతస్తులో ఉన్నట్టు. అత్త ఈ గీతలు తన చేత్తోనే వేసింది. ఆరో తరగతి పిల్లకి చెప్పినట్టు నిదానంగా చెప్పింది.

“మనమున్న చోటు మనకి కనపడదే. కదలకుండా ఉన్నదాన్ని ఒకటి పట్టుకుని, దానికీ మనకీ ఎంతుందో చూసుకోవాలి. అంతకన్నా బ్రహ్మవిద్యేం లేదు.”

నేను గదిలోంచి బయటికొచ్చి చుట్టూ చూశాను. మూతబడ్డ మిల్లు పొగగొట్టం. పెద్దాసుపత్రి మీద తెల్లటి నీళ్ళ ట్యాంకు. రేడియో టవరు. కుక్క లేచిపోయినట్టు ఈ మూడూ లేచిపోవు. ఆ రోజు నించి ఏ డాబా ఎక్కినా ముందు వీటినే వెతికాను. గుడ్డల కంపెనీ మీంచి పొగగొట్టం ట్యాంకుకి ఎడమవైపు ఉంటే, బ్యాంకు మేడ మీంచి కుడివైపు ఉంది. బ్యాంకుకి, కంపెనీకి మధ్య ఎక్కడో ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి వస్తాయన్నమాట. సాయంత్రం ఆ చోటు వెతుక్కుంటూ ఒక్కదాన్నే బయల్దేరాను. బొత్తాలు అమ్మే సందులో, ఒక దర్జీ కొట్టు ముందు దొరికింది. పొగగొట్టం ట్యాంకుని పూర్తిగా కప్పేసింది. ఏనుగెక్కినంత సంబరమైంది. దర్జీ కుట్టడం ఆపి, ఆకాశంలోకి చూసి గంతులేస్తున్న నన్ను చూసి, తనూ లేచొచ్చి ఆకాశంలోకి చూశాడు.

ఇక నన్ను ఆపేవాళ్ళు లేరు. పని అయ్యాక రోజుకో పేట తిరిగాను. పుస్తకాలు కుట్టే వీధి, పాత కుర్చీలు అల్లే వీధి, రేవులో పడవ దాటించే చోటు, అవతలి ఒడ్డున చేపల వలలు ఆరేసే దిబ్బ. తప్పిపోయాను, చాలాసార్లు. కానీ తప్పిపోవడం ఇప్పుడు వేరేలా ఉండేది. తలెత్తితే రెండు ఎత్తైనవి కనపడేవి, నేనెక్కడున్నానో వాటి మధ్య దొరికేదాన్ని.

ఆదివారాలు అత్తకి సెలవు. ఊరి చుట్టుపక్కల ఎక్కడికైనా వెళ్దామని, దారి మాత్రం నేనే చూపించాలని పందెం. మొదటి ఆదివారం కొండమీది కోటకని బయల్దేరదీసి, అత్తని కంకర క్వారీకి తీసుకెళ్ళాను. దుమ్ములో కూర్చుని తెచ్చుకున్న అన్నం తిన్నాం. “కోట బాగుంది. రాళ్ళు మాత్రం ఇంకా పేర్చలేదు” అంది అత్త. తర్వాతి ఆదివారం ఆనకట్ట దగ్గరికి సరిగ్గానే చేర్చాను, ఒక బస్సు ఎక్కువ మారినా. ఆ తర్వాత దీపస్తంభం ఉన్న సముద్రపు ఒడ్డుకి. ఆఖరికి కోటకి కూడా. బురుజు మీద నిలబడితే అంత దూరాన గోరంత రేడియో టవరు కనపడింది. దాన్ని చూసి, మా ఇల్లెటో అత్తకి వేలు పెట్టి చూపించాను. అత్త నా జుట్టు చెరిపింది.

పరీక్ష రోజు నాన్న పొద్దున్నే దిగాడు. ఫోన్లు రెండూ, నాదీ తనదీ, అత్త బల్లమీద పెట్టించాడు. మధ్యాహ్నం ట్యాక్సీ పిలిచి, వెనక సీట్లో నా మొహానికి అడ్డంగా పేపరు పట్టుకోమన్నాడు. దాదాపు గంటసేపు తిప్పించాడు. నేను ఎక్కడ తొంగి చూస్తానోనని కళ్ళార్పకుండా నన్నే చూస్తూ కూర్చున్నాడు. కిటికీలోంచి బయటికి ఒక్కసారైనా చూసిన పాపాన పోలేదు.

తలుపులు చేసే వడ్రంగుల సందులో దిగాం. రెండు పక్కలా కొత్త తలుపులు గోడలకి ఆనించి నిలబెట్టి ఉన్నాయి, నెత్తిమీద రేకుల చూర్లు. ఆకాశం బెత్తెడు కూడా లేదు. నాన్న నా వెనకే, మాట్లాడకుండా నడవాలి. అదీ ఆయన పెట్టిన షరతే. సందులో అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగి, ఒక చెక్కల అడితి పక్కన ఖాళీ జాగా చూసి అక్కడికి పరిగెత్తాను. పొగగొట్టం కొస కనపడింది. దానికి బాగా కుడిగా ట్యాంకు. ఇల్లు ఎటో తెలిసిపోయింది.

“ఇటు” అన్నాను.

“తప్పు” అన్నాడు నాన్న. “అదుగో పెద్ద రోడ్డు. బళ్ళన్నీ ఎటెళ్తున్నాయో చూడు. ఎక్కువ బళ్ళు ఎటెళ్తే ఊరు అటుంటుంది.”

“మాట్లాడకూడదన్నది నువ్వే నాన్నా.”

“ముప్పై ఏళ్ళ సర్వీసు చెబుతోంది, వినవా?”

నా కాళ్ళు ఆయన మాట వినడానికి అలవాటుపడ్డవి. ఒక అడుగు అటు వేసేశాను కూడా. అప్పుడు చిర్రెత్తుకొచ్చింది, ఆయన మీద కాదు, నా మీద. ఆయన వెనకే వెళ్తే తప్పినా ఒప్పైనా ఆ దారి ఆయనదే అవుతుంది. ఇక్కడ ఓడిపోతే నా చదువు ఇక్కడితో సరి.

“నేను ఇటే వెళ్తా” అన్నాను.

“వెళ్ళు. నేను అటే వెళ్తా. ఇంటి దగ్గర తేల్చుకుందాం” అని విసవిసా నడిచాడు. పది అడుగులు వేస్తే వెనకాలే పరిగెత్తుకొస్తానని ఆయన ధీమా. నేను ఆగలేదు.

పొగగొట్టాన్ని ఎడమ చెవి పక్కనే ఉంచుకుని నడిచాను. కుర్చీలల్లే వీధి తగిలింది. దాని తర్వాత రేవు. అక్కణ్ణించి కళ్ళు మూసుకుని వెళ్ళగలను. ఎవర్నీ అడగలేదు. అయిదు కాకముందే అత్త ఇంటి తలుపు తట్టాను. అత్త నన్ను చూసి కేక పెట్టింది, ఎత్తి గిర్రున తిప్పింది. దించాక నా వెనక్కి చూసింది.

“మీ నాన్నేడి?”

నాన్న రాలేదు. పావుగంట చూశాం. రాలేదు. ఆయన ఫోను బల్లమీద మాకేసి చూస్తోంది. దారి అడిగే రకం కాదాయన. గెలిచిన సంతోషమంతా ఎటో పోయింది.

కూర్చుని ఆలోచించాను. నాన్న బళ్ళ వెనకే పోయాడు. అప్పుడు నాలుగు గంటలు. సాయంత్రం నాలుగింటికి ఆ రోడ్డు మీద వెళ్ళేవి ఏ బళ్ళు? ఆసుపత్రి లిఫ్టుల పనికి వెళ్ళినప్పుడల్లా దాని డాబా మీంచి చూసేదాన్ని, సరుకు లారీలు వరసగా ఊళ్ళోంచి బయటికి పోయేవి. చెరువు చుట్టూ తిరిగి గోదాముల ముందు తూకం కోసం ఆగేవి. నడిచేవాడికి గంట దారి.

“లారీల తూకం దగ్గరున్నాడు అత్తా” అన్నాను. “నువ్వుండు. నేను తీసుకొస్తా.”

మంచినీళ్ళ సీసా, సంతకం కావాల్సిన కాగితం సంచిలో వేసుకుని తొమ్మిదో నంబరు బస్సెక్కాను. దిగేసరికి ఎండ పూర్తిగా వాలలేదు. పాతిక లారీలు బారులు తీరి ఉన్నాయి. వాటి మధ్య చొక్కా అంతా చెమటతో తడిసి, ఒక లారీ కిటికీ కింద నిలబడి ఉన్నాడు మా నాన్న. ముప్పై ఏళ్ళలో ఒక్క మనిషినీ దారి అడగని మా నాన్న, తలెత్తి లారీ డ్రైవర్ని బతిమాలుతున్నాడు.

“పచ్చ చొక్కా వేసుకుంది బాబూ. పొడుగ్గా ఉంటుంది. పద్దెనిమిదేళ్ళు. నువ్వొచ్చిన దారిలో ఎక్కడైనా కనపడిందా? వెనక బండి ఆయన్నీ అడిగా, చూళ్ళేదన్నాడు.”

“నాన్నా” అన్నాను.

గిర్రున తిరిగి నా రెండు భుజాలూ పట్టుకున్నాడు. “దొరికావా! పది అడుగులేసి వెనక్కి తిరిగితే నువ్వు లేవు. ఆ సందులన్నీ తిరిగి, బళ్ళ వెంటే ఇక్కడిదాకా వచ్చా. ఏమైపోయావే?”

“ఇంటికెళ్ళా.”

“ఏ ఇంటికి?”

“అత్త ఇంటికి. గంటైంది చేరి. నువ్వు రాలేదని నీ కోసం వచ్చా.”

ఆయన నన్ను చూశాడు. నేనిచ్చిన అత్త సీసాని చూశాడు, ఇంటి కుండలోని చల్లటి నీళ్ళు. లారీలని చూశాడు, గోదాములని చూశాడు. అప్పుడు అర్థమైంది ఆయనకి, ఎవరు తప్పిపోయారో, ఎవరు ఎవర్ని వెతికి పట్టుకున్నారో. కోప్పడతాడేమో అనుకున్నాను. సీసా ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని, ఒక్కసారిగా నవ్వడం మొదలెట్టాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

లారీ డ్రైవరు కిటికీలోంచి వంగాడు. “దొరికిందా అన్నా మీ అమ్మాయి?”

“అది తప్పిపోలేదు తమ్ముడూ” అన్నాడు నాన్న, పక్క లారీల వాళ్ళకి కూడా వినపడేంత గట్టిగా. “నేను తప్పిపోయా. ఇంత పెద్ద ఊళ్ళో నేనెక్కడున్నానో కనిపెట్టి, నన్ను తీసుకెళ్ళడానికి వచ్చింది.”

నేను సంచిలోంచి కాగితం తీసి, లారీ మడ్‌గార్డు మీద పరిచాను. పెన్ను మర్చిపోయాను. నాన్న పైకి చూసి, “తమ్ముడూ, పెన్నుందా?” అని అడిగాడు. మడ్‌గార్డు వేడికి చెయ్యి చురుక్కుమంటున్నా, సంతకం కొస సాగదీసి మరీ పెట్టాడు.

కాగితం మడిచి నా చేతిలో పెట్టి, రోడ్డుకి అటూ ఇటూ చూసి, ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు.

“ఇంటికెటమ్మా?”

“ఇటు నాన్నా” అని నేను ముందు నడిచాను.