బోర్డు పెట్టని రోజు

మాస్టారు లిఫ్టు ఎక్కరు. డెబ్బై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి, కాపురమేమో ఆరో అంతస్తులో. అయినా కూరల సంచి పట్టుకుని మెట్లెక్కే వెళ్తారు. మూడో అంతస్తు మలుపులో సంచి కింద పెట్టి, రెయిలింగ్ పట్టుకుని ఊపిరి తీసుకుంటారు. పక్కనే కొత్త లిఫ్టు, అద్దాలది, మాట్లాడేది. ఏ కాస్త తేడా శబ్దం వచ్చినా "తనిఖీ అవసరం, దయచేసి మెట్లు వాడండి" అని చెప్పి తనంతట తానే ఆగిపోతుంది. మాస్టారిది వ్యాయామమని కొందరంటారు, చాదస్తమని మిగతావాళ్ళంటారు. నలభై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పినాయనకి లిఫ్టంటే భయమేమిటని వెనకాల నవ్వుకునేవాళ్ళూ లేకపోలేదు. భయమైతే ఎప్పుడో పోయేది. అది సిగ్గు.

పాత లిఫ్టు ఉన్న రోజుల్లో దాన్ని చూసుకునే మెకానిక్ మాస్టారి చెల్లెలి మొగుడు. నెలకో ఆదివారం సర్వీసుకి వచ్చేవాడు. మేడ మీద చిన్న మోటారు గది, అందులో మోటారు, దాన్ని పట్టి ఆపే బ్రేకు, ఇనప తాళ్ళు చుట్టుకునే పెద్ద చక్రం, గోడకి దారంతో వేలాడే లాగ్‌బుక్కు. ఏం చూశాడో, ఏం మార్చాడో ఆ పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. అది కంపెనీ నియమం. అతనికి సొంత నియమం ఇంకొకటుండేది. మీటరు ఏం చెప్పినా సరే, చెవికి అనుమానం వస్తే చాలు, కింద "లిఫ్టు పనిచేయదు" అని బోర్డు తగిలించేవాడు. అనుమానం తీరాకే తీసేవాడు. మోటారు మీద అరచెయ్యి ఆనించి, "ఏమ్మా, ఏమిటీ నస?" అని పలకరించేవాడు.

మాస్టారు ఫ్లాస్కులో టీ పోసుకుని పైకి చేరేవారు. ఇక బావాబావమరుదుల వాదన మొదలు. మనిషీ ఒక యంత్రమేనని మాస్టారి సిద్ధాంతం. తలలో ప్రతి ఆలోచననీ దాని ముందరిదేదో తోస్తుంది, దాన్ని ఇంకోటి, అలా వెనక్కి వెనక్కి పోతే విశ్వం పుట్టిన క్షణం దాకా వెళ్తాం, మధ్యలో మనం ఎంచుకున్నదేమీ లేదు అనేవారు. రేపు ఈ మోటారుకీ చాలినన్ని తీగలు తగిలిస్తే అది కూడా 'నేను' అంటుందనేవారు. పైగా విశ్వానికీ ఒక ముగింపుంది, నక్షత్రాలన్నీ చల్లారాక ఎవరేం చేశారో గుర్తుపెట్టుకునే దిక్కే ఉండదు అని ముక్తాయించేవారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం.

బావ మాత్రం తక్కువ తిన్నాడా! నక్షత్రాలకి లేని బాధ నీకెందుకు, కందకు లేని దురద కత్తిపీటకా అని నవ్వేవాడు. "ఈ లిఫ్టుకీ పై అంతస్తుంది బావా, అంతకు మించి పోదు. అలాగని మూడో అంతస్తులో దిగాల్సినవాడు దిగడం మానేస్తాడా?" అనేవాడు.

యంత్రంతో కబుర్లు చెప్పే నువ్వే దానికి మనసు లేదంటావేమిటని మాస్టారు ఆటపట్టిస్తే, అది వింటుందని కాదు, మాట్లాడుతూ ఉంటే తనకే బాగా వినబడుతుందని చెప్పేవాడు. మనసుందో లేదో తేల్చడానికి అతని దగ్గర ఒకటే పరీక్ష. "చేసిన తప్పుకి దానికి నిద్రపట్టని రోజు చెప్పు, మనసుందని ఒప్పుకుంటా."

నాలుగేళ్ళ కిందట ఒక ఆదివారం అతను బ్రేకు దగ్గర చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. సన్నగా ఏదో గీరుకుంటున్న చప్పుడు. మీటరు పెట్టి చూస్తే అంతా సవ్యంగానే ఉంది. అయినా సంచిలోంచి బోర్డు తీశాడు.

మాస్టారి గుండెలో రాయి పడింది. ఆ సాయంత్రం ఆయన ఇంట్లో సభ. తోటి లెక్చరర్లు, పాత శిష్యులు పాతికమంది వస్తున్నారు. మనిషికి స్వేచ్ఛ ఉందా లేదా అన్న దాని మీద ఆయనే మాట్లాడాలి. వచ్చేవాళ్ళలో సగం మంది ఆరంతస్తులు ఎక్కలేనివాళ్ళు. ఆ సంగతి ఉన్నదున్నట్టు చెబితే సరిపోయేది, బావ అప్పుడే బ్రేకు విప్పి చూసేవాడేమో. కానీ మాస్టారికి అడగడం నామోషీ, వాదించడం అలవాటు.

"మీటరు బాగుందంటోంది, చెవి బాగాలేదంటోంది. చదువుకున్నవాడెవడైనా చెవి మాట వింటాడా బావా?" అన్నారు.

ఏడో తరగతితో బడి మానేసిన మనిషి అతను. మొహం చిన్నబోయింది. చేతిలో బోర్డుని అటూ ఇటూ తిప్పి మళ్ళీ సంచిలో పెట్టేశాడు. రేపు పొద్దున్నే వచ్చి విప్పి చూస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

సభ రక్తి కట్టింది. చప్పట్లు మోగాయి. అందరూ బిస్కెట్లు తింటుండగా కింద నుంచి కేక వినబడింది. లిఫ్టు నాలుగో అంతస్తులో ఆగాల్సింది, బ్రేకు జారి అడుగు కిందికి దిగి ఆగింది. ఆ అంతస్తులోనే ఉండే కుట్టుపని ఆవిడ బట్టల మూటతో బయటికి అడుగేసి, గడప తట్టుకుని కుడిచేతి మీద పడింది. మణికట్టు నుజ్జయింది. రెండు ఆపరేషన్లు చేసినా ఆ చేతికి కత్తెర పట్టే బలం రాలేదు.

విచారణకి వచ్చినవాళ్ళు మెకానిక్ లైసెన్సు తీసేశారు. లాగ్‌బుక్కులో అతనే రాశాడు: "చప్పుడు విన్నాను. సంచిలోంచి బోర్డు తీశాను. పెట్టలేదు. తప్పు నాది." మాస్టారి ఊసే లేదు. అది చదివినప్పుడు మాస్టారికి ముందుగా కలిగింది బాధ కాదు, ఊరట. ఆ సంగతి ఆయన ఇప్పటికీ మర్చిపోలేదు.

లైసెన్సు పోయిన మర్నాడు ఓదార్చడానికి వెళ్ళారు. తప్పు ఎవరిదీ కాదు, లోహం అరిగింది, అది అరగడానికి కారణాలు విశ్వమంత పాతవి, ఆ పూట ఇంకోలా జరిగే అవకాశమే లేదని గంటసేపు చెప్పారు. బావ తల వంచుకుని అంతా విన్నాడు.

"నా తప్పు నాకు వదిలెయ్ బావా. అదీ లాగేసుకుంటే ఆ మోటారుకీ నాకూ తేడా ఏముంది?" అన్నాడు. తలెత్తి చూసి, "నీదేమన్నా ఉంటే నీ ఇష్టం" అన్నాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది మాస్టారికి. లేచి వచ్చేశారు. ఇక ఆ గడప తొక్కలేదు. మధ్య దూరం రెండు వీధులే. ఆదివారం రాగానే చెప్పులేసుకునేవారు, గుమ్మం దాకా వెళ్ళి విప్పేసేవారు. పాత లిఫ్టు తీసేశారు, కొత్తది వచ్చింది. నాలుగేళ్ళు గడిచాయి. మొన్న ఎండాకాలంలో బావ గుండె ఆగి పోయాడు.

పదిహేను రోజుల తర్వాత చెల్లెలి పక్కన కూర్చుని ఉంటే మాస్టారికి దుఃఖం ఆగలేదు. "ఊరుకో అన్నయ్యా. అది అలా జరగాలనుంది, జరిగింది. నువ్వే చెప్పేవాడివిగా" అంది చెల్లెలు. జీవితమంతా ఆయన పదిమందికీ పంచిపెట్టిన మాటే. తన దాకా వచ్చేసరికి అది దేనికీ పనికిరాలేదు. అప్పుడు చెప్పారు, ఆ రోజు బోర్డు పెట్టనివ్వనిది తానేనని.

చెల్లెలు ఆశ్చర్యపోలేదు.

"తెలుసు. ఆయన అప్పుడే చెప్పారు. వెళ్ళి నిన్ను నిలదీస్తానంటే వద్దన్నారు. అడిగి చెప్పించుకుంటే అది మనం చెప్పించిన మాటవుతుంది, మా బావ చెప్పిన మాట కాదు, తనే వస్తాడు చూడు అన్నారు." పమిటతో కళ్ళు తుడుచుకుంది. "ఆదివారం వస్తే వీధి తలుపు గడియ పెట్టనిచ్చేవారు కాదు అన్నయ్యా."

మాస్టారు భవనం దాకా ఎలా వచ్చారో ఆయనకే తెలీదు. మెట్లెక్కుతూ నాలుగో అంతస్తులో ఆగి తలుపు తట్టారు. కుట్టుపని ఆవిడ తలుపు తీసింది. ఆమె వెనకాల గదిలో కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. మాస్టారు గుమ్మంలోనే నిలబడి, బోర్డు సంగతి, సభ సంగతి, తను అన్న మాట, ఏదీ దాచకుండా చెప్పారు.

"నాలుగేళ్ళ తర్వాత ఇప్పుడెందుకు చెప్తున్నారు?" అందావిడ.

"చెప్పకుండా ఉండిపోవచ్చమ్మా, నన్నడిగేవాళ్ళు లేరు. ఆ రోజు అతన్ని ఆపకుండా ఉండాల్సింది. ఉండగలిగేవాణ్ణి."

ఆవిడ కోప్పడలేదు, ఓదార్చలేదు. ఎడమ చేత్తో తలుపు వేసుకుంది. పక్కన లిఫ్టు వచ్చి ఆగి, తలుపులు తెరుచుకుని, పైకా కిందికా అని అడిగింది. మాస్టారు రెయిలింగ్ పట్టుకుని మెట్లెక్కారు.