బకెట్ నిండేదాకా

మట్టెవాడలోని ఆ ఇంట్లో వినోద లోపల గొళ్ళెం పెట్టుకోగల చోటు బాత్రూమ్ ఒక్కటే. నల్లా సన్నగా విప్పి, బకెట్ నిండేదాకా ఫోన్‌లో చదువుకునేది. ఈ ఏడాది సైన్స్ ఫిక్షన్ అవార్డుకు నామినేట్ అయిన నవలలన్నీ అలాగే ముగించింది. పాఠకుల ఓటుకు ఇవాళే ఆఖరు.

భూమిని కాపాడే వీరుల కథలంటే ఆమెకు ఒళ్లు మంట. వాళ్లకు అన్నం ఎవరు వండుతారో ఒక్క రచయితా చెప్పడు. చివరి నవల మాత్రం ఆమెను పట్టేసింది. అందులో ఒకామె చిన్న అంతరిక్ష నౌకలో చిక్కుకుని, ఏళ్ల తరబడి ఒక్కతే బతుకుతుంది. ఇంతకన్నా ఘోరమైన శిక్ష ఉండదని, చదువుతుంటే ఊపిరాడలేదని మిగతా పాఠకులందరూ రాశారు.

అత్త కట్టమ్మ తలుపు తట్టింది.

"ఇంకెంతసేపు తానం చేస్తవ్ వినోదా? మీ మామ చాయ్ అడుగుతాండు. పోరి ఏడుస్తాంది."

"వస్తున్న అత్తమ్మా."

బకెట్ పొంగిపోతోంది. వినోద ఆ నవలకే ఓటు వేసింది. ఎందుకు నచ్చిందో ఒక్క వాక్యంలో రాయమని ఓటు పేజీలో అడిగారు.

'అన్నేళ్లలో ఒక్కరూ తలుపు తట్టలేదు' అని రాసి, గొళ్ళెం తీసింది.