ఏ గుర్రం గెలిచినా

భర్త విల్ఫ్ పోయాక యార్క్‌షైర్ గుర్రప్పందేలకు ఈనిడ్ గార్‌సైడ్ రావడం ఇదే మొదలు. ముప్పై ఏళ్లు పెట్టె ఎక్కి పందేలు కట్టించుకున్నది విల్ఫ్. వెనక కూర్చుని లెక్క చూసింది ఆమె. ఇప్పుడు రెండూ ఆమే. మైదానంలో వాళ్లు పెట్టె వేసుకునే ఆ చోటు తనకు అమ్మేయమని పక్క బుకీ ఆగ్డెన్ అడుగుతున్నాడు. మొదటి పందెం అయ్యాక చెబుతానంది.

అయిదు గుర్రాలు. పౌండుకు రెండు లాభం ఇస్తానన్న దాని మీద నలభై పౌండ్లకు మించి తీసుకోకూడదు. మూడు ఇస్తానన్న రెండింటి మీద ముప్పయ్యేసి, అయిదు దాని మీద ఇరవై, పదకొండు దాని మీద పది. వచ్చేది నూట ముప్పై. ఏది గెలిచినా అసలుతో కలిపి ఇచ్చేది నూట ఇరవై. విల్ఫ్ ఎన్నడూ ఇలా ఆగేవాడు కాదు. ఒక గుర్రం మీద పరిమితి దాటి పుచ్చుకునేవాడు. అది ఓడాలని గొంతు పోయేలా అరిచేవాడు. ఆమె వెనకనుంచి సణిగేది.

“నాలుగో నంబరు మీద ఇంకో అయిదు రాసుకో, ఈనిడమ్మా,” అన్నాడు తడిసిన టోపీవాడొకడు.

“దాని మీద నిండిపోయింది.”

“మీ ఆయనైతే కాదనేవాడా?”

“అనేవాడు కాదు. అందుకే నీకు అలవాటైంది. పక్కకెళ్లు, బాబూ.”

గుర్రాలు బయల్దేరే వేళకు అన్నీ సరిగ్గా నిండాయి. ముప్పై ఏళ్లలో ఇంత సమంగా ఎప్పుడూ కుదరలేదు. జనం కంచె మీదికి ఎగబడ్డారు. ఆమె ఫ్లాస్కు మూత తీసి టీ పోసుకుంది. అరుపులు పెరిగి, ఒక్కసారిగా చల్లారాయి.

ఒక ముసలాయన చీటీ చాపాడు. “రెండో నంబరు, అమ్మా.”

ఈనిడ్ చీటీ వంక చూసింది. గెలిచింది రెండోదేనా? బోర్డు కేసి తల తిప్పాల్సి వచ్చింది. పెట్టె మీద నిలబడి పందెం ఎవరు గెలిచారో తెలియని బుకీ ఉంటుందా!

డబ్బిచ్చి పంపేసరికి ఆగ్డెన్ వచ్చాడు. “ఏమ్మా, దెబ్బ తగిలిందా?”

“లేదు. పది మిగిలాయి.”

“మరి ముఖం అలా పెట్టావేం?”

“నేను పందెం చూడలేదు, ఆగ్డెన్. చూడాలని కూడా అనిపించలేదు.” ఆమె చేతి తొడుగులు సవరించుకుంది. “చోటు మీరే తీసుకోండి. ఇవాళ్టి మిగతా పందేలు మాత్రం నేనే నడుపుతాను.”

ఈనిడ్ తడిగుడ్డతో బోర్డు తుడిచి, రెండో పందెం గుర్రాల పేర్లు రాయడం మొదలుపెట్టింది.