చెయ్యెత్తితే చాలు

"రెండు డబ్బాల నీళ్లకే అంత ఆయాసమా? రోజంతా గనిలో రాయి కొట్టొస్తాను, నేనెప్పుడైనా ఉష్షుమన్నానా?" అన్నాడు ఇలారియో, పొయ్యి పక్కన కూర్చుని బూట్లు తొడుక్కుంటూ.

మొగుడికి జవాబు చెప్పడానికి ఫౌస్తాకు ఊపిరి లేదు. మంచుకొండ అడుగు నుంచి వీపున కట్టుకొచ్చిన డబ్బాలు దింపి, రేకు తలుపు పట్టుకుని నిలబడింది. చెవుల్లో ఏదో రొద. ఈమధ్య గోళ్లు నీలంగా ఉంటున్నాయి. పెదవులైతే ఊదారంగు మొక్కజొన్న పానీయం తాగినట్టున్నాయి. తల్లి పెదవులూ చివరి రోజుల్లో ఇలాగే ఉండేవి. తల్లిని కూడా అందరూ బద్ధకస్తురాలనే అన్నారు.

"ఇంకో గుప్పెడు కోకా ఆకు నములు, ఆయాసం అదే పోతుంది. ముందు బడి దగ్గరికి పద. ఆడవాళ్లను కూడా తీసుకురమ్మన్నారు" అన్నాడు ఇలారియో.

పట్నం నుంచి వచ్చిన డాక్టర్లు బడి గదిలో కదలని సైకిలొకటి పెట్టి, ఇంత ఎత్తులో మనిషి ఒళ్లు శ్రమకు ఎలా తట్టుకుంటుందో చూస్తున్నారు. చిన్నవయసు డాక్టరమ్మ కాగితం ముందు పెట్టుకుని అడిగింది.

"ఏం పని చేస్తారమ్మా?"

"ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు ఇలారియో.

"వ్యాయామం?"

"ఈవిడా? పొయ్యి దగ్గర్నుంచి మంచం దాకా నడుస్తుంది!"

వరసలో నిలబడ్డ గని మనుషులు నవ్వారు. అలవాటు కొద్దీ ఫౌస్తా కూడా నవ్వింది. డాక్టరమ్మ 'వ్యాయామం లేదు' అని రాసుకుంది. ఇరవై ఎనిమిదేళ్లుగా గనివాళ్లు పారబోసిన రాళ్లగుట్ట మీద మోకాళ్లూని, సుత్తితో ఒక్కో రాయీ పగలగొట్టి బంగారం మెరుపు వెతుక్కుంటున్నది ఏ గడిలోనూ పట్టలేదు. గని లోపలికి ఆడవాళ్లు పోకూడదు. కొండ కూడా ఆడదేనట, అసూయపడుతుందట. నెలలో ఆ అయిదు రోజులైతే గని దారి కూడా తొక్కకూడదు. "అటు పోకు అమ్మాయ్, నీ రక్తం వాసనకి బంగారం లోపలికి పారిపోతుంది" అనేది అత్త బెనీతా. ఏ నెలైనా బంగారం చారిక కనపడకపోతే, మగవాళ్లు ఇంటికొచ్చి ముందు పెళ్లాం మొహంలోకి చూసేవాళ్లు. రక్తం తనది. తప్పూ తనదే. బెనీతా పోయి తొమ్మిదేళ్లయింది, ఆ గొంతు మాత్రం పోలేదు.

ఫౌస్తాను సైకిలెక్కించి వేలికి చిన్న పరికరం తగిలించారు. "తొక్కుతూ ఉండండమ్మా. అలసిపోతే చెయ్యెత్తితే చాలు, ఆపేస్తాం."

ఆమె తొక్కింది. కాసేపయ్యాక డాక్టరమ్మ గోడ మీద అంకెల పట్టీ చూపించి, అలసట ఎంతుందో చెప్పమంది. ఫౌస్తా నిజంగానే ఆలోచించింది. ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"రోజూ ఉన్నంతే" అంది.

డాక్టరమ్మ ఆమె వేలికున్న పరికరంలో అంకె చూసి, గబుక్కున తనే సైకిలాపింది. "మీరు చెయ్యెత్తలేదేంటమ్మా?"

"ఎందుకెత్తడం? ఇంకా పడిపోలేదుగా."

రక్తం తీస్తే పాకంలా నల్లగా, నింపాదిగా దిగింది. "నెలసరి ఆగిపోయి ఎన్నాళ్లయింది?" అని అడిగింది డాక్టరమ్మ. ఇలారియో కిటికీ వైపు తిరిగాడు.

"నాలుగేళ్లు."

"ఈ ఎత్తులో గాలి చాలదమ్మా. ఆ కొరత తీర్చుకోవడానికి ఒళ్లు రక్తాన్ని ఎక్కువ చేసుకుంటుంది. కొందరికి మరీ చిక్కబడిపోతుంది, గుండె తొయ్యలేదు. నెలనెలా కొంత పోయినన్నాళ్లూ అదే మిమ్మల్ని కాపాడింది. ఇప్పుడా కాపుదల లేదు. కొంచెం తీసేస్తే కొన్నాళ్లు తేలిగ్గా ఉంటుంది. అసలు మందు మాత్రం కిందికి దిగిపోవడమే. ఆలస్యం చెయ్యకండి."

రక్తం తీయించుకోవడం ఫౌస్తాకు తెలియనిది కాదు. ఇలారియో ఏడాదికి రెండుసార్లు తీయించుకుంటాడు. వచ్చి మూడ్రోజులు పడుకుంటే, ఆమె గొర్రెమాంసం చారు కాచి పోస్తుంది. నేనూ తీయించుకోనా అని ఒకసారి అడిగింది. "మీకు నెలనెలా ఉత్తినే పోతుందిగా!" అని నవ్వాడు. అప్పటికే ఆగిపోయి ఏడాదైందని అతను గమనించలేదు.

ఇంటికి నడుస్తూ మూడుచోట్ల ఆగింది. ఏ రక్తం కోసం ఇన్నేళ్లు తలొంచుకుని పక్కదారిన నడిచిందో, ఆ రక్తమే ఆమెను నిలబెట్టింది. ఈ మాట బెనీతాకు చెప్పాలనిపించింది. తల్లికి ఇంకా ముందు చెప్పాల్సింది. దారిలో వ్యాన్లు ఆగే మలుపు వచ్చింది. తల్లి శవపేటిక ఇక్కడినుంచే కొండ దిగింది. చెల్లెలు కసిల్డా కూడా ఇక్కడే వ్యానెక్కి, సముద్రం పక్క లోయలో ఉల్లి పండించుకోవడానికి వెళ్లిపోయింది. దిగినవాళ్లెవరూ మళ్లీ ఎక్కి రాలేదు. ప్రతిసారీ దుమ్ము అణిగేదాకా నిలబడి, పొయ్యి ఆరిపోతుందని వెనక్కి వచ్చింది ఫౌస్తా. ఇప్పుడు తనే వెళితే ఈ మనిషిని మళ్లీ చూస్తుందా? తిట్టినా, నవ్వినా, ఇరవై ఎనిమిదేళ్లు పక్కన ఊపిరి పీల్చిన మనిషి.

"పోదాంలే. ఇప్పుడు తవ్వుతున్న చారిక అయిపోనీ, ఇద్దరం పోదాం" అన్నాడు ఇలారియో, ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ. గొంతులో కోపం లేదు. "అందాకా నీళ్లెవరు తెస్తారు చెప్పు?"

ఆమె కాసేపు ఎదురుచూసింది, నొప్పిగా ఉందా అని అడుగుతాడేమోనని. అతను బూట్లలోని కంకర దులుపుకుంటున్నాడు.

తెల్లవారాక ఎండు బంగాళాదుంపలు మూడు రోజులకు సరిపడా నానేసింది. రాళ్లు మోసే దుప్పటిలో రెండు జతల బట్టలు పెట్టి వీపున కట్టుకుంది.

"డబ్బాలు మర్చిపోయావే!" అన్నాడు ఇలారియో పక్కలోంచి.

"మర్చిపోలేదు. కసిల్డా దగ్గరికి పోతున్నా. నీళ్లు నువ్వు తెచ్చుకో."

అతను ఇంకేదో అన్నాడు. బయటి గాలిలో సరిగా వినపడలేదు, ఆమె వెనక్కి వెళ్లి అడగలేదు. మలుపు దగ్గర నిలబడింది. పొయ్యి ఆర్పానా లేదా అని మనసు పీకింది. ఇప్పటికైనా వెనక్కి తిరగొచ్చు. ఇంకా పడిపోలేదుగా.

కిందికి పోయే వ్యాను దుమ్ము లేపుకుంటూ వచ్చింది. అది ఎవరి కోసమూ తనంతట తను ఆగదు.

ఫౌస్తా చెయ్యెత్తింది.