కదలని పెన్ను

2006 ఆగస్టులో ఒక శనివారం. బాపట్లలో ఒక బడి వరండాలో నిలబడి కిటికీ ఊచల్లోంచి లోపలికి చూస్తున్న నాగమ్మ ఒక ఊచను గట్టిగా పట్టుకుంది. వ్యాసరచన పోటీ మొదలై పావుగంటైంది. నలభై మంది పిల్లల పెన్నులు పరుగెడుతున్నాయి. కూతురు హెలెన్ పెన్ను మాత్రం కదలడం లేదు. పిల్ల పైకప్పు వంక చూస్తుంది, ఒక ముక్క రాస్తుంది, దాన్ని కొట్టేస్తుంది, మళ్లీ పైకప్పే!

కిందటేడు రేపల్లెలో జరిగిన పోటీలో హెలెన్ గబగబా రెండు పేజీలు నింపి, ఆ తర్వాత ఏం రాయాలో తోచక అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది. తెనాలి పక్కన అంగలకుదురులో ఇల్లు చేరేదాకా ఆ ఏడుపు ఆగలేదు. ఈసారీ అలాగే అయితే పదో తరగతితో చదువు మానేసి, తల్లితో నాట్లకు వచ్చేస్తానని నిన్ననే తెగేసి చెప్పింది. చెప్పిందంటే చేస్తుంది. మొండితనంలో తల్లికన్నా రెండాకులు ఎక్కువే చదివిన పిల్ల.

నాగమ్మకు అక్షరం ముక్క రాదు. పెన్ను నడిస్తే రాస్తున్నట్టు, ఆగితే మర్చిపోయినట్టు, అంతే ఆవిడ లెక్క. "ప్రభువా, దానికి గుర్తు చెయ్యి" అని దండం పెట్టుకుంది. దేవుడు ఆలస్యం చేస్తున్నాడనిపించి, గుమ్మం దగ్గరకొచ్చిన విజయసారథి మాస్టారిని పట్టుకుంది. ఆ గదికి కాపలా ఆయనే.

"బాబుగారూ, మా పిల్ల మర్చిపోయిందండి. మొదటి ముక్క అందించండి, మిగతాది అదే రాసుకుంటదండి."

"పోటీలో అందించకూడదమ్మా," అన్నాడాయన. కానీ ఆవిడ మొహం చూసి ఉండబట్టలేక, లోపలికెళ్లి హెలెన్ బల్ల పక్కగా నడిచి, నవ్వుతూ తిరిగొచ్చాడు.

"మర్చిపోలేదమ్మా. ఏ పేరాలో ఏం చెప్పాలో, దేని తర్వాత ఏది రావాలో ముందు చిత్తుకాగితం మీద వేసుకుంటోంది. అది కుదిరాకే అసలు రాత."

"ఇంతసేపా అండి? టైమైపోదండీ?"

"చూస్తూ ఉండండి."

చూడక ఏం చేస్తుంది! ఇంకో ఐదు నిమిషాలకు హెలెన్ చిత్తుకాగితాన్ని ఎడమ పక్కన పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. ఇక ఆగలేదు. ఇందాక పరుగులు పెట్టినవాళ్లలో కొందరు పెన్ను కొరుక్కుంటూ దిక్కులు చూడసాగారు. గంట కొట్టే ముందే హెలెన్ కాగితాలకు దారం కట్టి లేచింది. అప్పుడు గానీ నాగమ్మ ఊచ వదల్లేదు.

తెనాలి వెళ్లే పాసింజర్లో ఇద్దరికీ పక్కపక్కనే చోటు దొరికింది.

"చివరిదాకా రాశావా?"

"రాశానమ్మా."

"ఏం రాశావో చెప్పు మరి."

హెలెన్ చెప్పింది. కాలువ నీళ్లు ఎక్కడ బయల్దేరతాయి, ఊరి చేల దాకా ఎలా వస్తాయి, చిట్టచివరి చేలకు ఎందుకు అందవు, అందాలంటే ఏం చెయ్యాలి. చేతిలో కాగితం లేకపోయినా ఎక్కడా తడబడలేదు. నాగమ్మ రెప్ప వెయ్యకుండా వింది. పదేళ్లుగా కూతురి పుస్తకాలు తుడిచి సర్దడమే తప్ప, వాటిల్లో ఏముందో ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

"మొత్తం అర్థమైందే నాకు!" అంది. అంటూనే ఏడుపొచ్చింది. పొద్దుటి నుంచి బిగబట్టుకున్నదంతా వదిలేసి, పెట్టెలో జనం చూస్తున్నా హాయిగా ఏడ్చింది.

"ఇంక నాట్లకు రానులేమ్మా. ఇంటర్లో చేరతాను," అంది హెలెన్.

నాగమ్మ పైటతో మొహం తుడుచుకుంది.

"చేరు. చదివిందల్లా ఇట్టాగే వరసగా నాకూ చెప్పు."