ఏ పచ్చ?

మందమర్రిలో మా మేనకోడలు పద్మలత చదువు చెప్పే బడి వెనక పొడుగాటి గోడ ఒకటి ఉంది. బొగ్గు దుమ్ము పడీ పడీ దాని అసలు రంగేమిటో ఎవరికీ గుర్తులేకుండా పోయింది. ఒక రోజు పద్మలత మా ఇంటికొచ్చింది.

"మామా, ఎట్లనూ ఖాళీగనే ఉంటున్నవ్ గదా. శనివారం శనివారం వచ్చి మా పోరగాండ్లకు రంగులు నేర్పరాదూ?"

"ఖాళీగనా? పొద్దటిసంది రెండు చాయలు తాగిన. అది పని గాదా?"

ఫ్లెక్సీలొచ్చాక బోర్డులు రాయించేవాళ్లు లేరు. నా డబ్బాలు మూతల కిందే గట్టిపడిపోతున్నాయి. పోనీ పిల్లలతోనైనా ఆడుకుందామని వెళ్లాను.

మొదటి శనివారం పిల్లలను గోడముందు కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాను.

"ఇప్పుడు మీ ఇంట్లకు పోండ్రి. నడువద్దు, ఎగురుకుంట పోండ్రి. పోయినంక ఎర్రరంగు ఏడున్నదో చూడుండ్రి."

గాలికి గోడమీది వేపనీడ కదులుతోంది. ఆ నీడ కింద పాతికమంది మూసిన కళ్లతో, ముఖాలు కొంచెం పైకెత్తి, నిజంగానే ఎక్కడికో ఎగురుతున్నట్టు ఉన్నారు. నాక్కూడా కాళ్లు నేలమీద ఆనలేదు కాసేపు.

"మా అవ్వ బొట్టు."

"మా బాపు యూనియన్ జెండా."

"గని కాడ డేంజర్ బోర్డు."

"మా ఊర్ల గోడలకు ఎర్రమన్ను పూస్తరు," అన్నాడు హనుమండ్లు. వాడిది ఆదిలాబాద్ అవతల మహారాష్ట్ర అంచున ఉన్న ఊరు.

"నీ ముక్కు, మామా!" అంది నర్మద. అది ఒక కన్ను తెరిచి చూస్తోందన్నమాట.

"రంగు ఒక్కటే. నొసటి మీద ఉంటే శుభం, బోర్డు మీద ఉంటే భయం, జెండా మీద ఉంటే కొట్లాట," అన్నాను.

"ముక్కు మీద ఉంటే?"

"పడిశం."

తర్వాత తెలుపు. మల్లెపూలన్నారు. తాత చచ్చిపోయినప్పుడు కప్పిన బట్ట అని ఒకడన్నాడు. చర్చిలో మా అక్క పెండ్లిగౌను అని ఇంకో పిల్ల. ఆ వెనక, గాలి ఊదినంత సన్నగా ఒక గొంతు వినిపించింది.

"దాదీ నమాజ్ దుపట్టా."

అందరూ కళ్లు తెరిచి వెనక్కి చూశారు. అది అంబ్రీన్. మెట్‌పల్లిలో ఉర్దూ బడిలో చదివి, వాళ్ల నాన్న హమీద్ ఇక్కడ చెప్పుల దుకాణం పెట్టుకుంటే అయిదో తరగతికి వచ్చింది. బడిలో చేరి మూడు నెలలైనా తెలుగు సరిగా రాదని సిగ్గుపడి నోరు తెరవలేదట. గుమ్మంలో నిలబడ్డ పద్మలత కొంగుతో కళ్లొత్తుకోవడం చూసి, "నీ కండ్లల్ల నా పెయింటు పడ్డదా ఏందే?" అన్నాను.

ఆ వారం నుంచి గోడమీద ఒక పొడుగాటి బట్ట గీయడం మొదలుపెట్టాం. ఇంటి దండెం మీంచి ఊడిపోయి గనులమీదుగా, బొగ్గురైలు మీదుగా, గోదావరి వైపు తేలిపోతున్న బట్ట. ఎవరింటి రంగులు వాళ్లు దానిమీద వేశారు. మధ్యాహ్నం ఎండ ఏటవాలుగా పడినప్పుడు దాన్ని చూస్తే నిద్రొచ్చేటప్పటి ఊయలలా ఉండేది. కదులుతోందని ఒట్టేసి చెప్పగలను.

ఇక నడుమ మూరెడు జాగా మిగిలింది. అక్కడే నా కోతి బుద్ధి నన్ను ఊరుకోనివ్వలేదు.

నర్మదకూ అంబ్రీన్‌కూ దోస్తీ కుదిరింది. ఇద్దరినీ పిలిచి, నడుమ పాత ఫ్లెక్సీ అడ్డం కట్టి, ఒకరిని ఇటు, ఒకరిని అటు నిలబెట్టాను. ఇద్దరి ముందూ రెండేసి డబ్బాలు పెట్టాను. ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో ఆకు రంగు.

"ఇద్దరూ పచ్చ ఎయ్యుండ్రి. ఒకరిది ఒకరు చూసుకోవద్దు."

మా ఇళ్లలో పచ్చ అంటే పసుపే. గడపకు పూసే పచ్చ. అంబ్రీన్ పుస్తకంలో నేర్చుకుంది, అందులో పచ్చ పక్కన ఆకు బొమ్మ ఉంది. నాకు తెలిసే చేశాను. ఫ్లెక్సీ గుంజేసరికి ఆ జాగా సగం పసుపు, సగం ఆకు రంగు.

పిల్లలంతా ఫక్కున నవ్వారు. "గిది పచ్చనా? గీమెకు పచ్చ గూడ తెల్వది! తెలుగే రాదు!" అని ఎవరో అరిచారు. అందరికంటే గట్టిగా నవ్వినవాణ్ని నేనే. అంబ్రీన్ బ్రష్షును డబ్బామీద అడ్డంగా, చాలా జాగ్రత్తగా పెట్టి, వెళ్లిపోయింది.

మళ్లీ బడికి రాలేదు. అయిదో రోజున పద్మలత నన్ను బజార్లో పట్టుకుంది.

"హమీద్ భాయ్ సోమవారం ఆ పిల్లను మెట్‌పల్లి వాళ్ల మేనత్త ఇంటికి తోలిస్తడట. ఆడనే చదివిపిస్తడట. మూడు నెలలు పట్టింది మామా ఒక్క మాటకు. నీ ఒక్క నవ్వుకు పోయింది."

ఎగతాళికి జవాబు చెప్పడం నాకొచ్చు. దీనికి మాత్రం, హమీద్ ఇల్లెక్కడని అడిగాను.

శుక్రవారం సాయంత్రం హమీద్ ఇంటికి వెళ్లాను. హమీద్ తల్లి ఉమ్రావ్ బేగం మంచంమీద కూర్చుని తమలపాకులు తుడుస్తోంది. లోపలి గది వాకిలికి పర్దా ఉంది. దానికింద చిన్న కాలివేళ్లు పది కనిపిస్తున్నాయి.

"సలాం అమ్మా."

"రా భై, కూసో. మా పిల్లను ఏడిపిచ్చినోడివి నువ్వేనా?"

"నేనే. తప్పైంది."

"తప్పు సంగతి తర్వాత. నాకో మాట చెప్పు. నా పెండ్లికి మాంఝా నాడు, గదే నలుగునాడు, పీలా జోడా తొడిగిండ్రు, అంత పసుపే. చేతులకేమో హరీ చూడియా, ఆకు రంగు గాజులు. పక్కింటి యాదవ్వ వచ్చి, నా గదువ పట్టుకోని, 'పచ్చగుండు బిడ్డా' అన్నది. నాకప్పుడు తెలుగు అంతగ రాదు. బట్టలను చూసి అన్నదా, గాజులను చూసి అన్నదా అని రోజంత పరేషాన్. యాభై ఏండ్లాయె. నీకు తెలుగు మస్తుగ వస్తది గదా. చెప్పు, గది ఏ పచ్చ?"

నోరు తెరిచాను. పచ్చగుండు. మా అవ్వ నన్ను ఎన్నిసార్లు అన్నదో ఆ మాట. దాన్ని నోట్లో తిప్పుతుంటే మక్కచేను కనిపించింది, పసుపు కొమ్ములు ఆరబోసిన కల్లం కనిపించింది, బారసాలలో చంటిదాని పాదాలు కనిపించాయి. ఒకదాంట్లోంచి ఇంకొకటి ఊరుతూ పోయింది. ఏ డబ్బాలో బ్రష్షు ముంచాలో తెలియలేదు. ముప్ఫై ఏళ్లుగా రంగులతోనే బతికినవాణ్ని.

"తెల్వదమ్మా."

"తెల్వనోడు నవ్విండేంది మరి?"

పర్దా కింద వేళ్లు కదిలాయి.

"రేపు బళ్లె అందరికి ఇదే చెప్త. అంబ్రీన్‌ను తోలియ్యి," అన్నాను.

"నన్నడుగుతవేంది? దాన్నే అడుగు."

పర్దా వెనకనుంచే అంబ్రీన్ చిన్నగా అంది. "ముందుగాల మామ మా ఉర్దూ బోలీల రంగులు చెప్పాలె. అందరి ముంగట."

శనివారం హమీద్ కూతుర్ని స్కూటర్ మీద తెచ్చాడు. ఇంజన్ ఆపకుండా, గేటుదగ్గరే నిలబడ్డాడు. నేను పిల్లలముందు నిలబడి, రెండూ పచ్చలేననీ, తెలిసే రెండు డబ్బాలు పెట్టాననీ చెప్పాను. పచ్చగుండు అంటే ఏ పచ్చో చెప్పమన్నాను. "పసుపు!" అన్నారు. "చేను!" అన్నారు. "మా అవ్వ ఆకు రంగును మరాఠీల హిర్వ అంటది," అన్నాడు హనుమండ్లు. ఎవరూ ఎవరికీ లొంగలేదు. నర్మద మాత్రం ఏమీ అనకుండా వెళ్లి అంబ్రీన్ పక్కన నిలబడింది.

"ఇగ నీ పరీక్ష మామా," అంది పద్మలత.

అంబ్రీన్ గోడమీద ఒక్కొక్క రంగు చూపించింది.

"లాల్," అన్నాను. "సఫేద్. కాలా."

నర్మద వేసిన సగం మీద వేలు పెట్టింది.

"పీలా."

తను వేసిన సగం మీద పెట్టింది.

"హారా!" అన్నాను ధైర్యంగా.

అంబ్రీన్ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆగలేదు. వేళ్ల సందుల్లోంచి నవ్వు కారిపోయింది.

"హారా గాదు మామా! హారా అంటే ఓడిపోయినోడు!"

"గదీ కరెక్టే గదనే."

బడి బడంతా నవ్వింది. గేటుదగ్గర హమీద్ కూడా నవ్వాడు. నవ్వు తగ్గాక మెల్లగా, "అంబ్రీన్, సోమవారం బస్సు..." అన్నాడు.

"నక్కో అబ్బా, నేను పోను," అంది అంబ్రీన్ తండ్రితో, నావైపే తిరిగి ఉండి. "మామకు ఇంక రాలే. నోరు గంత తెరువద్దు మామా. చిన్నగ అను. హ-రా."

"హారా."

"యా అల్లా! మళ్ల అను."

బడి వదిలేదాకా నేను హారా అనే అన్నాను. సోమవారం కూడా బడికి వచ్చి నేర్పిస్తుందట అంబ్రీన్. నాకు నిజంగానే నోరు తిరగలేదా, కావాలనే అన్నానా అన్నది మాత్రం పద్మలత ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.