నాథన్ పెల్టన్ ఊరు

సాలోమోను ఇంటిపేరు పెల్టన్. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంకెవరికీ అలాంటి పేరు లేదని అతని భార్య సారమ్మకు మహా గొప్ప. మొగుడి తాత నాథన్ పెల్టన్‌ది దొరల రక్తమని కూరగాయల బండివాడికి కూడా చెప్పేది. సాలోమోను మొహంలో ఆ దొరతనం కాగడా పెట్టి వెతికినా కనిపించదు, అది వేరే సంగతి.

అరవై తొమ్మిదిలో, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రోజుల్లో, ఆ పేరే కొంప ముంచింది. కూతురు రెబెక్కకు టీచరు ఉద్యోగం వచ్చింది. ఈ ప్రాంతం వాళ్ళేనని ముల్కీ సర్టిఫికెట్ నెలలోపు చూపించాలి.

"పెల్టన్ ఏంది? మీ తాతది ఏ ఊరు?" అన్నాడు కచేరీలో గుమస్తా.

తనను కరువులో పాద్రి తెచ్చి పెంచాడని తప్ప తాత సాలోమోనుకు ఏమీ చెప్పలేదు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు యాభై ఏళ్ళకు పరాయివాడైపోయాడు.

గడువు వారం ఉందనగా చర్చికి అమెరికా నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం వచ్చింది. పెల్టన్ పేరు చూసి పాస్టరు అయ్యగారు దాన్ని సాలోమోనుకు పంపించారు. ఆ ఇంగ్లీషు చదివిపెట్టడానికి పక్కింటి సాంబమూర్తి వచ్చాడు. గుంటూరాయన. బయట ఆంధ్రావాళ్ళు వెళ్ళిపోవాలంటూ ఊరేగింపు నినాదాలు వినబడుతుంటే తలుపు గడియ వేసి మరీ చదివాడు.

"మూడొందల ఏళ్ళ కిందట ఓడెక్కి అమెరికా వెళ్ళిన మొదటి పెల్టన్ దగ్గర్నుంచి వంశం రాసుకుంటోందటండీ ఈవిడ. ఇంటి బైబిల్లో రాసిపెట్టిన పిల్లల పేర్ల చివర 'నాథన్, హైదరాబాదు' అని ఉందట. ఎవరాయన, వంశంలో ఉంచాలా, కొట్టేయాలా అని అడుగుతోంది."

"నేను చెప్పలే?" అంది సారమ్మ.

సాంబమూర్తి రెండో కాగితం తీశాడు. అదే బైబిల్లో దొరికిన పాత మిషన్ రసీదుకు నకలు. ఆ రోజుల్లో అనాథ పిల్లవాడిని సాకడానికి డబ్బు పంపినవాళ్ళు వాడికి తమకిష్టమైన పేరు పెట్టుకోవచ్చు. పెల్టన్లు చిన్నప్పుడే చనిపోయిన తమ కొడుకు నాథన్ పేరు పెట్టుకున్నారు. కింద పాద్రి దస్తూరీ: అల్మాస్‌గూడ అంతయ్య కొడుకు కొమరయ్య, ఇకమీదట నాథన్ పెల్టన్.

సారమ్మ మొహం చిన్నబోయింది. సాలోమోనుకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అల్మాస్‌గూడ! సైకిలు మీద ఆ ఊరు ఎన్నిసార్లు దాటిపోయాడో.

"మీకు ఊరు దొరికిందండీ. నాకు ఊరున్నా ఇక్కడ చెల్లదు," అన్నాడు సాంబమూర్తి.

"ఎవ్వరు పొమ్మన్నా మీరు పోకుండ్రి సారూ. నేనున్న గద," అన్నాడు సాలోమోను. అది నిలబెట్టుకోగల మాటో కాదో అతనికే తెలియదు.

మర్నాడు అల్మాస్‌గూడ పట్వారీ రసీదు నకలు చూసి, పాత లెక్కల్లో అంతయ్య పేరు వెతికి రాసిచ్చాడు. గుమస్తా దాన్ని రెండుసార్లు చదివి ముద్ర వేయించాడు. రెబెక్క ఉద్యోగంలో చేరింది.

ఆ ఆదివారం సాంబమూర్తి జవాబు రాయడానికి కూర్చున్నాడు. "రక్త సంబంధం లేదు కదండీ. కొట్టేయమని రాయనా?"

సాలోమోను రసీదు నకలును మరోసారి చేతిలోకి తీసుకున్నాడు.

"కొట్టెయ్యొద్దని రాయుండ్రి సారూ. చిన్నప్పుడే పోయిన వాళ్ళ పిల్లగాడు మా ఇంట్ల నాలుగు తరాలు బతికిండని రాయుండ్రి."